చిక్కుడు గింజలతో తెరువు

గొడుగుల కార్ఖానాలో నూట అరవై మందికి ఇరవై రెండేళ్ళుగా వండిపెడుతున్న పిన్నికి ఆ సోమవారం పొద్దున ఒక కాగితమూ ఒక కంప్యూటరూ కలిసి వచ్చాయి. కాగితమేమో కొత్తది. కంప్యూటరేమో స్టోరు గదిలో విరిగిన గొడుగు పిడుల కింద ఏడేళ్ళు నిద్రపోయి లేచినది. ఎవరికి పిన్ని అని మాత్రం అడక్కండి. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే మనిషి దాకా అక్కడ అందరికీ ఆవిడ పిన్నే.

కాగితం హెడ్డాఫీసు నుంచి వచ్చింది. క్యాంటీన్ మెనూ రోజూ కంప్యూటరులో కనబడాలట. హెడ్డాఫీసు పంపే ఫారం వారం వారం ఆ కంప్యూటరులోనే నింపి పంపాలట. నెల తిరిగేలోగా ఈ రెండూ జరగకపోతే క్యాంటీన్ మూసేసి, బయటి కంపెనీ నుంచి డబ్బా భోజనాలు తెప్పిస్తారట.

"డబ్బా భోజనాలా!" అంది పిన్ని, ఎవరో తన పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించినట్టు. చెల్లెలు పనిచేసే చోట ఆ డబ్బాలు ఆవిడ ఒకసారి చూసింది. మూత తీస్తే లోపలంతా చెమట. అన్నం ఒక మూలకు నక్కి ఉంటుంది. తను లేకుండా ఈ వంటగది, ఈ నూట అరవై మంది ముందు ఆ డబ్బాలు!

అదృష్టం ఏమిటంటే, ఆవిడ అల్లుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. దురదృష్టం ఏమిటంటే, అతను అల్లుడు. కూతురి పెళ్ళై ఆరేళ్ళైనా అత్తా అల్లుళ్ళు ఒకరినొకరు అండీ అండీ అనుకుంటూనే ఉన్నారు. అతని ముందు "నాకు తెలియదు" అనే మాట ఆవిడ నోట రాదు. "మీకు అర్థమైందా?" అని అత్తగారిని అడిగే ధైర్యం అతనికి లేదు. ఇంత మర్యాద ఉన్నచోట పనులు చెడిపోక బాగుపడతాయా, మీరే చెప్పండి.

మర్నాడు అల్లుడు వచ్చి కంప్యూటరు మూత ఊడదీసి, లోపలున్న దుమ్ము ఊది, గట్టిగా తుమ్మాడు.

"దీనికి వయసైపోయిందత్తయ్యగారూ. బరువైన సిస్టం వేస్తే అరగదు. తేలికపాటిది వేస్తాను."

పిన్ని మొహం విప్పారింది. ఆరేళ్ళలో అల్లుడి వృత్తి గురించి ఆవిడకు అర్థమైన మొదటి వాక్యం అది. "అంతేగా మరి! వయసు మీద పడ్డాక తేలిగ్గానే పెట్టాలండీ."

"లినక్స్ అంటారండీ దీన్ని."

"విన్నానండీ," అంది పిన్ని. వినలేదు.

మధ్యాహ్నానికల్లా తెర వెలిగింది. పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో కనబడేట్టు పెట్టి, అల్లుడు పక్కన నిలబడి చెప్పుకుపోయాడు. "ఏ ఫైలు దేనితో తెరుచుకోవాలో ముందే ఒకటి అనుకుని ఉంటుందండీ. దాన్ని డీఫాల్ట్ అంటారు. మీరేమీ చెప్పకపోతే అదే వచ్చేస్తుంది."

పిన్ని ఆలోచించింది. "అంటే, ఎవరైనా వచ్చి ఏం కావాలో చెప్పకుండా కూర్చుంటే టీ ఇచ్చేస్తాం చూడండి, అలాగా?"

అల్లుడు ఆశ్చర్యపోయాడు. "అచ్చం అంతేనండీ!"

ఆ మెచ్చుకోలు కొంప ముంచింది. ఇక తనకు అంతా తెలిసిపోయిందనే నమ్మకం పిన్నికి వచ్చేసింది.

"మరి మెనూ ఎక్కడండీ?"

"అదిగో, కింద ఎడమ పక్క. నొక్కితే వస్తుంది. పేర్లు నచ్చకపోతే మెనూ ఎడిటర్ ఉందండీ, మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. అక్కర్లేనివాటి పక్కన టిక్కు తీసేస్తే కనబడవు."

అతను చెప్పింది కంప్యూటరు మెనూ. ఆవిడ విన్నది భోజనాల మెనూ. ఇద్దరూ ఒకరినొకరు చూసి తృప్తిగా తలూపారు. అల్లుడు బయల్దేరుతుంటే మేనేజరు గేటు దగ్గర ఆపి, "ఇది సరిగా నడిస్తే పై అంతస్తులో నలభై కంప్యూటర్లున్నాయి, అవన్నీ నీ చేతికే ఇస్తాను," అన్నాడు. అతను సంతోషం పట్టలేక ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసి, ముందే ఒప్పుకున్న పని మీద మూడు వారాలకు వేరే ఊరు వెళ్ళిపోయాడు.

పిన్ని చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, మౌస్ పట్టుకుంది. ఎడమ పక్క నొక్కింది. మెనూ వచ్చింది.

ఫైల్ మేనేజర్. పవర్ మేనేజర్. విండో మేనేజర్.

"అమ్మో, ఇందరు మేనేజర్లా! బయట ఉన్న ఒక్కడితోనే వేగలేక చస్తున్నాం."

పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. తినే వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇదేం మెనూ? కాసేపటికి ఆవిడకు తట్టింది. ఇది వేరే ఎవరిదో మెనూ అయి ఉంటుంది. అందుకే కదా అల్లుడు పేర్లు మార్చుకోమన్నాడు! నోరు తెరిచి తప్పు అనకుండా ఎంత సున్నితంగా చెప్పాడు, బంగారం లాంటి పిల్లాడు.

అయితే పిన్ని ఆషామాషీ మనిషి కాదు. మూత తీసి లోపల ఏముందో చూడకుండా ఏ గిన్నెకూ పేరు పెట్టదు. ఒక్కోదాన్నీ నొక్కి, తెరిచి, తల వంచి చూసి, అప్పుడు పేరు మార్చింది. ఫైల్ మేనేజర్ తెరిస్తే అన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటికీ అదే ఆధారమని తేల్చి దానికి అన్నం అని పెట్టింది. స్ప్రెడ్‌షీట్‌లో గళ్ళు గళ్ళు, గింజకో గది. అది చిక్కుడు గింజల కూర కాక మరేమిటి? మ్యూజిక్ ప్లేయర్ జుర్రుకున్నట్టు చప్పుడు చేసింది కనక సూపు. రంగులు వేసుకునేది బీట్‌రూట్. ఫైళ్ళను పొరలు పొరలుగా నొక్కి మూటకట్టేది క్యాబేజీ. సెట్టింగులు కొంచెం కదిపితే మొత్తం మారిపోయింది, కాబట్టి ఉప్పు. టెర్మినల్ అనేది ఒకటి నల్లగా చీకటిగా ఉంది, దానికి పాలు లేని కాఫీ అని రాసింది. ఖాళీ తెల్లకాగితంలా వచ్చి ఏ గొడవా చేయకుండా కూర్చున్న టెక్స్ట్ ఎడిటర్‌కు టీ అని పెట్టింది. కాలిక్యులేటర్‌ను ఉడికించిన గుడ్డు చేసింది. గుడ్లు మనిషికి ఒకటే, లెక్క తప్పకూడదు కదా. మేనేజర్లలో మిగిలినవాళ్ళందరికీ టిక్కులు తీసేసి మాయం చేసింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆవిడ పొందిన ఆనందం చెప్పనలవి కాదు.

నమ్మండి నమ్మకపోండి, ఏర్పాటు బ్రహ్మాండంగా నడిచింది. కంప్యూటరును వడ్డించే కిటికీ పక్కన పెట్టారు. జనం వరసలో వచ్చి, మెనూ నొక్కి, చదువుకుని, అడిగేవాళ్ళు. గుడ్లు అయిపోగానే పిన్ని టిక్కు తీసేసేది, గుడ్డు మెనూలోంచి ఎగిరిపోయేది. "ఇంతకాలం గుడ్డు లేదని నోరు నొప్పి పుట్టేలా చెప్పేదాన్ని, ఇప్పుడు హాయి," అని ఆవిడ మురిసిపోయింది. ఒక్క తిరకాసు మాత్రం ఉంది. మెనూ అడుగున లాగౌట్ అని ఒకటుంది. అది మెనూ ఎడిటర్‌కు దొరకదు, పేరు మారదు, టిక్కు లేదు.

"పిన్నీ, ఈ లాగౌట్ ఎలా ఉంటుంది?" అని గొడుగు పిడులు బిగించే మేస్త్రి మొదటిరోజే అడిగాడు.

తెలియదని చెబితే పరువేం కావాలి? "అయిపోయింది నాయనా."

మర్నాడు పొద్దున్నే వచ్చి అడిగాడు. అయిపోయింది. ఆ మర్నాడు పదకొండింటికే వచ్చి నిలబడ్డాడు. అప్పుడూ అయిపోయింది. వారం తిరిగేసరికి, లాగౌట్ అంతా పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళిపోతోందని కార్ఖానా అంతా గుప్పుమంది. కుట్టు విభాగంవాళ్ళు ఆయనకు నమస్కారం పెట్టడం మానేశారు. ఎందుకో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మొదటి శుక్రవారం మేనేజరు పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చాడు. "ఇందులో హెడ్డాఫీసు ఫారం ఉంది పిన్నీ, నింపి పెట్టు," అని వెళ్ళిపోయాడు. పిన్ని అన్నం తెరిచి, ఫారం మీద టకటకా నొక్కింది. అలాంటి ఫైలు ఆ కంప్యూటరు ఎప్పుడూ చూసినట్టు లేదు. "దీన్ని దేనితో తెరవాలి?" అని అడిగింది. కింద వరసగా అన్నం, సూపు, క్యాబేజీ, చిక్కుడు గింజల కూర, టీ.

పిన్నికి ఒక్క నిమిషం కూడా సందేహం కలగలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చినది. ఏం కావాలో నోరు తెరిచి చెప్పలేదు. అలాంటివాళ్ళకు ఏమిస్తాం? టీ నొక్కింది. "ఎల్లప్పుడూ దీనితోనే తెరవాలా?" అని ఇంకో గడి ఉంటే అందులోనూ టిక్కు పెట్టింది. వచ్చినప్పుడల్లా అడిగించుకోవడమెందుకు?

ఫారం తెరుచుకుంది. తెర నిండా కొంకిరి బింకిరి గుర్తులు, చీమల బారులా. ఇది హెడ్డాఫీసువాళ్ళ భాష కాబోలు, పెద్దవాళ్ళు, ఏదో రాసుకుని ఉంటారు అనుకుంది. అడుగుదాకా దిగి, ఖాళీ చోటు చూసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "అన్నీ ఉన్నాయి. అందరూ తింటున్నారు. మీరూ ఓసారి వచ్చి తిని వెళ్ళండి."

మేనేజరు చూడకుండానే పంపేశాడు. రెండోవారం పిన్ని ఇలా రాసింది: "జవాబు రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?" మూడోవారం కాస్త నిష్ఠూరంగా: "వచ్చేముందు ఒక్కమాట చెప్పండి, ఒక గుడ్డు ఎక్కువ ఉడకేస్తాను."

నాలుగోవారం హెడ్డాఫీసు మేడం చెప్పకుండా వచ్చింది.

పదకొండు గంటలకు కళ్ళజోడు సవరించుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడింది. చేతిలో అచ్చుతీసిన పన్నెండు పేజీల చీమలు. వెనక మేనేజరు, మొహం వంకాయ రంగులో.

"ఈ ఫారాలు నింపింది ఎవరు?"

"నేనేనండీ! వచ్చారా? రండి రండి, కూర్చోండి." పిన్ని సంబరంగా ఎదురెళ్ళి బల్ల తుడిచింది.

మేడం కూర్చోలేదు. పేజీలు బల్ల మీద పెట్టింది. "మూడు వారాలుగా ఒక్క అంకె కూడా రాలేదు. మా ఫారం ఎవరో నమిలి ఉమ్మేసినట్టుంది. అడుగున మాత్రం నా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు. ఇవాళ ఇక్కడే, నా ముందు ఫారం సరిగా తెరుచుకోవాలి. లేదంటే సోమవారం నుంచి డబ్బాలే."

పిన్ని చేతిలో తుడిచేగుడ్డ అలాగే ఉండిపోయింది. మేనేజరు గబగబా అల్లుడికి ఫోన్ కొట్టాడు. ముందురోజే ఊరి నుంచి వచ్చిన అల్లుడు, సగం గీసుకున్న గడ్డంతో బండి మీద వచ్చి వాలాడు.

కంప్యూటరు ముందు కూర్చుని మెనూ నొక్కాడు. నొక్కి, కళ్ళు నులుముకుని, మళ్ళీ నొక్కాడు.

"అత్తయ్యగారూ, ఇవేమిటండీ?"

"మెనూ అండీ. మీరే కదా మార్చుకోమన్నారు."

అల్లుడు వెనక్కి తిరిగి అత్తగారి మొహం చూశాడు. ఆ చూపులో పిన్నికి మొత్తం అర్థమైపోయింది. ఏం చేసిందో వివరంగా తెలియదు గానీ, ఏదో ఘోరం చేసిందని తెలిసింది. అల్లుడి పేరు చెడగొట్టాను, నా పొయ్యి నేనే ఆర్పుకున్నాను అనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"కానివ్వండి," అంది మేడం.

"ఫైల్ మేనేజర్..." అల్లుడు మెనూలో పైకీ కిందికీ తిరుగుతున్నాడు.

"అన్నం," అంది పిన్ని చిన్నగా.

"ఏమిటండీ?"

"అన్నం నొక్కండి. అన్నీ అందులోనే ఉంటాయి కదండీ."

అన్నం నొక్కాడు. ఫైళ్ళు కనబడ్డాయి. మేడం కళ్ళజోడు ముక్కు మీదికి జారింది.

"స్ప్రెడ్‌షీట్ అండీ? గళ్ళు గళ్ళుగా ఉండేది?"

"చిక్కుడు గింజల కూర."

"సెట్టింగులు?"

"ఉప్పు. కొంచెమే కదపండి."

అల్లుడికి నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ అత్తగారి ముందు చేయకూడదు. పెదవి కొరుక్కుంటూ ఈ వారం వచ్చిన కొత్త ఫారం మీద కుడి బటన్ నొక్కాడు. 'టీతో తెరువు' అని ఉంది. దాని కిందికి దిగాడు. "మేడం, ఇది ఇంతకాలం టీతో తెరుచుకుంటోందండీ. అదీ తప్పు. చిక్కుడు గింజల కూరతో తెరిపిస్తున్నాను, చూడండి."

నౌకరీలో ఇరవై ఏళ్ళు గడిపిన మేడంకు అలాంటి మాట ఎవరూ చెప్పి ఉండరు. "తెరిపించండి," అంది.

ఫారం తెరుచుకుంది. చక్కగా, గళ్ళతో, గీతలతో. ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది, ఎంత పారేశారు? అల్లుడు ఒక్కొక్కటే చదివాడు, పిన్ని ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. నాలుగు వారాలూ, రోజు రోజూ. పారేసింది అనే గడిలో వరసగా సున్నాలు పడ్డాయి. నమ్మక మేడం స్వయంగా వెళ్ళి పెరట్లో చెత్తడబ్బా మూత తీసి చూసింది. లోపల క్యాబేజీ తొడిమలు తప్ప ఏమీ లేవు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మేనేజరు తన తెలివి చూపించుకోబోయాడు. "మేడం, ఈ పేర్లు మామూలుగా మార్చేస్తే సరి. అప్పుడు దీన్ని ఎవరైనా నడపగలరు. డబ్బాల కంపెనీవాళ్ళు తమ మనిషిని ఒకణ్ణి ఇక్కడ కూర్చోబెడతామన్నారు కూడా. ఫారం గొడవ ఉండదు, వంట గొడవా ఉండదు."

మేడం తలూపింది. "అదీ నిజమే. ఎవరైనా నడపగలిగినప్పుడు ఈవిడే ఉండాలని ఏముంది?" అల్లుడి వైపు తిరిగింది. "పేర్లన్నీ మొదట్లో ఉన్నట్టు చేయడం కుదురుతుందా?"

కుదురుతుంది. మెనూ ఎడిటర్‌లో అడుగున, ఒక మూల, మొదటికి తెచ్చే బటన్ ఒకటుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే అన్నం ఫైల్ మేనేజరైపోతుంది, మాయమైన మేనేజర్లందరూ బతికొస్తారు. అల్లుడికి అది తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అతని చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. పై అంతస్తులో నలభై కంప్యూటర్లు ఉన్నాయి. వెనక పిన్ని పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. బతిమాలడం లేదు, ఏమీ అనడం లేదు, గిన్నెలో కూర మాడకుండా కలుపుతోంది.

"కుదరదండీ," అన్నాడు అల్లుడు.

"అదేమిటయ్యా!" మేనేజరు ఎగిరిపడ్డాడు. "పేర్లు మార్చడం కూడా రాదా నీకు?"

"రాదండీ."

"నలభై కంప్యూటర్లు నీ చేతిలో పెడదామనుకున్నానే! ఇంతేనా నీ పనితనం?"

"ఇంతేనండీ." అల్లుడు తల వంచుకున్నాడు.

"పోనీ, కొత్త కంప్యూటరు..." అని మేనేజరు మేడం వైపు తిరిగాడు.

"ఈ ఏడాది ఎవరికీ కొత్త కంప్యూటర్లు లేవు," అని మేడం కొట్టిపారేసింది. పెన్ను తీసి కాగితం మీద గట్టిగా రాస్తూ పైకే చదివింది. "ఈ క్యాంటీన్ కంప్యూటరు నడపడం ఈమెకు తప్ప మరెవరికీ సాధ్యం కాదని నిపుణుడు ధ్రువీకరించాడు. కాబట్టి క్యాంటీన్ ఈమె ఉన్నంతకాలం ఈమె చేతిలోనే ఉండాలి." సంతకం పెట్టి, కాగితం మేనేజరు చేతికిచ్చి, అప్పుడు కూర్చుంది. పిన్ని వడ్డించినదంతా తిని, గుడ్డు రెండోది అడిగి మరీ వెళ్ళింది.

జనం తిని వెళ్ళిపోయాక క్యాంటీన్‌లో అల్లుడొక్కడే బల్ల దగ్గర మిగిలాడు. పిన్ని కంచం తెచ్చి అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నిజంగానే కుదరదా అండీ?"

అల్లుడు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క బటనండీ."

నలభై కంప్యూటర్లు. ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పుకుని మురిసిపోయిన నలభై కంప్యూటర్లు. అందరి ముందు చేతకానివాడినని ఒప్పుకున్నాడు, ఆవిడ గరిటె కోసం. కూతుర్ని సాగనంపిన రోజు కూడా అంత ఏడుపు రాలేదు ఆవిడకు.

"నలభై పోగొట్టుకున్నావు కదరా, నా వెర్రి నాయనా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఆరేళ్ళ అండీలన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి.

అల్లుడు నవ్వాడు. "పోతే పోయాయి లెండి. ఆ బటన్ ఎక్కడుందో మీకు చూపించనా? రేపెప్పుడైనా అవసరం పడితే..."

"అస్సలొద్దు!" పిన్ని గరిటెడు చిక్కుడు గింజలు అతని కంచంలో గుమ్మరించింది. "నాకు మాత్రం చూపించకు. నా చేతులు ఊరుకోవు, నొక్కేస్తాను."